ముగ్గురు మృతుల ఓట్లు

2021 ఏప్రిల్‌లో ఒక సోమవారం. జర్మనీలోని బ్రెమెన్‌లో లాక్‌డౌన్. చరిత్రలో మాస్టర్స్ చదువుతున్న తెలుగమ్మాయి మిరియం ఆ ఉదయానికి రెండే పనులు పెట్టుకుంది: సెమినార్ వ్యాసం సంగతి సహాధ్యాయి డెరిక్‌కు చెప్పడం, ఆపైన ఆన్‌లైన్ క్లాసు వినడం. వ్యాసం నూట యాభై ఏళ్ల కిందటి ఫోగెల్ అనే ప్రాంతీయ శాసనసభ్యుడి గురించి. ఆయన రెండు ఓట్ల తేడాతో గెలిచాడు. ఓటేసినవాళ్లలో ముగ్గురు అప్పటికే సమాధుల్లో ఉన్నారు.

"ఆ ఎన్నిక చెల్లదు. చచ్చిపోయిన ముగ్గురి ఓట్లు లెక్కేశారు. నా దగ్గర రుజువుంది. ఆయన రాజీనామా చెయ్యాల్సిందే" అని మెసేజ్ కొట్టి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి క్లాసులో కూర్చుంది.

మెసేజ్ వెళ్ళింది డెరిక్‌కు కాదు, తెలుగు సంఘం గ్రూపుకు. ముందురోజే జూమ్‌లో సంఘం ఎన్నిక జరిగింది. మూడేళ్లుగా అధ్యక్షుడిగా ఉన్న ఇంజనీరు ప్రకాశం గారు, నర్సు దీనమ్మ గారి మీద కొద్ది తేడాతో మళ్లీ గెలిచారు.

రెండు గంటల తరువాత చూస్తే రెండొందల పన్నెండు మెసేజ్‌లు. "నాకప్పుడే అనుమానం వచ్చింది" అని దీనమ్మ. చనిపోయిన ముగ్గురెవరన్న చర్చలో, నెలరోజులుగా గ్రూపులో మాట్లాడని లక్ష్మణరావు గారి ఫోటోకు ఎవరో దండ వేసేశారు. అమలాపురంలో ఆయన అత్తగారు శోకాలు మొదలుపెట్టారట. "నేను బతికే ఉన్నానండీ, ఓటు మాత్రం వెయ్యలేదు" అని ఆయన రాస్తే, "మరి మీ పేరు మీద వేసిందెవరు?" అని ఇంకొకరు పట్టుకున్నారు. "మా ఆవిడ అయ్యుంటుంది" అన్నారాయన. పదకొండుకు ప్రకాశం గారు రాజీనామా చేశారు.

చివరి మెసేజ్ క్వారంటైన్‌లో ఉన్న విద్యార్థి సాయి తేజది. "అన్నా, ప్రెసిడెంట్ లేకపోతే నా బియ్యం ఎవరు తెస్తరు? నిన్నటి సంది బిస్కెట్లే తింటున్న."

మిరియం వెంటనే ప్రకాశం గారికి ఫోన్ చేసింది.

"అంకుల్, అది మీ ఎన్నిక కాదండీ! ఫోగెల్‌ది. ఆయన పోయి వందేళ్లు దాటింది."

ప్రకాశం గారు గొంతు తగ్గించారు. "ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావామ్మా?"

"లేదండి. ఇప్పుడే గ్రూపులో పెడతాను. మీరు రాజీనామా వెనక్కి తీసుకోండి."

"తొందరపడకు తల్లీ. మూడేళ్ల తర్వాత ఇవాళే కుదురుగా కూర్చుని కాఫీ తాగాను."

మిరియం మనసొప్పలేదు. జరిగిందంతా గ్రూపులో రాసి, అందరికీ క్షమాపణ చెప్పుకుంది. అయిదు కిలోల బియ్యం కొని, సైకిల్ మీద వెళ్లి సాయి తేజ గుమ్మం ముందు పెట్టింది. అతను కిటికీలోంచి దణ్ణం పెట్టి, సంచీ ఫోటో గ్రూపులో పెట్టాడు.

ఇంటికొచ్చి చూస్తే దీనమ్మ రాసి ఉన్నారు: "తప్పు ఒప్పుకున్నదీ, ఎవరూ పురమాయించకుండా బియ్యం మోసిందీ ఈ పిల్లొక్కతే. నేను పోటీలో లేనండీ, ఈ అమ్మాయినే పెడదాం." ప్రకాశం గారు క్షణంలో బలపరిచారు. ముప్పై ఒక్కమంది చేతులెత్తారు.

కొత్త అధ్యక్షురాలి ఎన్నిక మీద అభ్యంతరం ఒక్కటే వచ్చింది. అది మిరియందే కావడంతో ఎవరూ పరిగణనలోకి తీసుకోలేదు.