సంతకం లేని రెండు మాత్రలు

బస్సుల గ్యారేజీ స్టోర్‌కీపరుగారి ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క బోల్టు కూడా లెక్క తప్పలేదు. అడిగినవాడు మేనేజరైనా సరే, అరకి వేలాడే కార్డు మీద సంతకం పెట్టాకే వస్తువు కదిలేది. అలాంటి మనిషికి నడుము పట్టేసి, డాక్టరమ్మ నొప్పి మాత్రలు రాసిస్తే ఊరుకుంటారా? మాత్రల డబ్బాకీ ఓ కార్డు కట్టి తేదీ, టైము, మింగినవారి సంతకం, మిగిలినవి అని గళ్లు గీశారు. డాక్టరమ్మ మాటలు పొల్లుపోకుండా వెనకవైపు ఎక్కించారు: "ఇది రెండు మందులు కలిసిన మాత్ర. జ్వరం మందు ఇందులోనే ఉంది, కాబట్టి జలుబు మాత్రలూ జ్వరం మాత్రలూ విడిగా వేసుకోకూడదు. మత్తుగా ఉంటుంది, బండి నడపకూడదు. ఇంకెవరికీ ఇవ్వకూడదు."

"మింగేదీ మీరే, సంతకం పెట్టేదీ మీరే. ఈ మాత్రానికి కార్డొకటా!" అంది భార్య. ఆవిడ తమ్ముడైతే పడీపడీ నవ్వి, మధ్యలో రెండుసార్లు తుమ్మాడు.

ఆ ఉదయం ఆయన వేసుకున్న పథకం చిన్నది. ఎనిమిదింటికి టిఫిను, మాత్ర, సంతకం. తర్వాత పదింటిదాకా కుర్చీలో కునుకు. అంతా సవ్యంగానే జరిగేది గానీ, తొమ్మిదిన్నరకి అలమర తుడుస్తూ భార్య ఆ డబ్బా తెరిచింది. కార్డులో ఏడు. డబ్బాలో అయిదు.

"ఏమండీ! రెండు తక్కువున్నాయి!"

"నా స్టోర్సులోనా? అసంభవం" అన్నారాయన నిద్రమత్తులో. నాలుక కాస్త మడతపడింది. అదే కొంప ముంచింది.

"అయ్యో, మాట తడబడుతోంది! ఒక్కసారే మూడు మింగేశారు!" అని భార్య గుండెలు బాదుకుంది. పక్కింటి టీచరమ్మ పరుగున వచ్చి చెంబెడు నీళ్లు మొహాన కొట్టింది.

"నేను మింగింది ఒక్కటేనమ్మా!"

"మందు అలాగే అనిపిస్తుందండీ" అని ఆవిడ జాలిపడింది.

బావమరిది కారు తాళాలతో వచ్చాడు. కానీ మూడుసార్లు ప్రయత్నించినా తాళంచెవి కన్నంలో దూరలేదు. స్టోర్‌కీపరుగారు అది చూశారు. "వాణ్ణి నడపనివ్వకండి, ఆటో పిలవండి" అని అరిచారు. మిగతా మాటలెవరూ వినలేదు గానీ, ఆటో మాత్రం వచ్చింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆయన కళ్లు చూసింది, నాడి చూసింది, కార్డు రెండువైపులా చదివింది. "ఈయన నిక్షేపంలా ఉన్నారు. కార్డులో రాసిన లెక్కా సరిగ్గానే ఉంది. మరి ఆ రెండూ ఎవరు తీశారు?"

జవాబుగా వెనక బల్ల మీంచి గురక వినిపించింది. నలుగురూ కుదిపితే బావమరిది ఒక కన్ను తెరిచాడు. "తలనొప్పని రెండు వేసుకున్నా బావా... అంతకుముందు జలుబుకి ఇంకో రెండు..."

"జలుబు మాత్రలోనూ అదే జ్వరం మందు, పైగా మత్తు! మంచం మీదికి చేర్చండి, రక్తం తీయండి" అంది డాక్టరమ్మ. తర్వాత అక్కగారి వైపు తిరిగి, "ఈ కార్డు లేకపోతే నిద్రపోతున్నాడులే అని ఇంట్లోనే వదిలేసేవాళ్లు" అంది.

భార్యకి కళ్లలో నీళ్లు తిరిగాయి. భర్త తడి తల తువ్వాలుతో తుడుస్తూ, "ఇకమీదట మీ కార్డుల్ని చూసి నవ్వితే ఒట్టు" అంది. డాక్టరమ్మ వార్డుకోసం కార్డుకి నకలు అడిగింది. ముప్పై ఏళ్లలో గ్యారేజీ ఇవ్వని సంతోషం ఆయనకి ఆ గదిలో దొరికింది.

సాయంత్రానికి భయం లేదన్నారు. బావమరిది కళ్లు తెరిచేసరికి ముక్కు ముందు కార్డూ, కలమూ ఉన్నాయి.

సంతకం కాస్త వంకరగా వచ్చింది గానీ, లెక్క సరిపోయింది.