యథాతథ విభాగం వారి గోడ

మానవజాతి సాధించిన విజయాల్లో నిప్పు, చక్రం తర్వాత చెప్పుకోదగ్గది గృహ బీమా. ఒకడి ఇల్లు తడిస్తే, తడవకముందు ఎలా ఉండేదో అచ్చం అలాగే చేసి తిరిగి అప్పగిస్తామని ముక్కూమొహం తెలియని వాళ్లు సంతకం చేసి మరీ మాటివ్వడం మరే ప్రాణికోటిలోనూ కనిపించదు. (పిచ్చుకలు ఒక గూడు పోతే ఇంకోటి కట్టుకుంటాయి. వాటికి అంత ఓపిక లేదు.)

యార్క్‌షైర్‌లో, ఏటి పక్కనున్న మా వీధికి ఈ మాట విలువ బాగా తెలుసు. ఫిబ్రవరిలో ఏరు గట్టు దాటింది. మా ఎదురింటి తలుపు తట్టకుండానే లోపలికొచ్చి కిటికీల ఎత్తున తిష్ఠ వేసింది. (మా ఇల్లు మెరక మీద ఉంది. అందుకే ఇంత తీరిగ్గా చెబుతున్నాను.) ఆ ఇల్లు ఆక్రాయిడ్ దంపతులది. రోలండ్ బస్సు నడిపి రిటైరయ్యాడు. గ్లెనిస్ బడి వంటశాలలో వండి వండి రిటైరైంది. అప్పటినుంచీ ఆయన మేడమీద టీవీతోనూ, ఆవిడ కింద వంటింట్లో రేడియోతోనూ కాపురం చేస్తున్నారు. ఎన్నడూ పోట్లాట లేదు. పోట్లాడాలంటే ఎవరో ఒకరు మెట్లెక్కాలి కదా.

ఇల్లు బాగయ్యేదాకా ఇందులో ఉండండని బీమా కంపెనీ వాళ్ల ముంగిట్లో ఒక కారవాన్ తెచ్చి పెట్టింది. చక్రాల మీద ఒకే ఒక గది. బల్ల మడిస్తే మంచం, మంచం మడిస్తే బల్ల, రెండూ మడిస్తే నిలబడడానికి చోటు.

మర్నాడే పురపాలక సంఘం నుంచి తాత్కాలిక నివాసాల అధికారి మిస్ థ్వైట్ వచ్చింది. కారవాన్ కదలగలిగినంత కాలం తాత్కాలికమట. కదలకపోతే అది ఇల్లట. ఇల్లయితే కట్టకముందే అనుమతి తీసుకుని ఉండాలట.

"ఇది కదులుతుందా?" అని అడిగింది.

"మా ఆవిడకి కోపమొస్తే కదులుతుందండీ," అన్నాడు రోలండ్.

మిస్ థ్వైట్ 'కదలిక ఉన్నట్టు నివాసి వాంగ్మూలం' అని రాసుకుని, చక్రాలు బయటికి కనబడేలా ఉంచమని చెప్పి వెళ్లిపోయింది.

రోలండ్ చెప్పింది అబద్ధం కాదు. మొదటి వారమంతా కారవాన్ కదులుతూనే ఉంది. లోపల ఒకరు లేవాలంటే ఇంకొకరు కూర్చోవాలి. ఒకరు మేజోళ్లు తొడుక్కోవాలంటే ఇంకొకరు వానలోకి వెళ్లాలి.

"ఆ మోచెయ్యి తియ్యి ముందు!"

"ఎక్కడ పెట్టమంటావు? ఎదురింట్లో ఇచ్చి రమ్మంటావా?"

"మనిషివి ఇంత పొడుగున్నావని పెళ్లప్పుడే ఎందుకు చెప్పలేదు?"

మా వంటింటి కిటికీ తెరిస్తే ఇవన్నీ వినబడేవి. మూస్తే కూడా వినబడేవి. రోజూ కారవాన్ మరుగుదొడ్డి డబ్బా ఎవరు పారబోయాలన్న విషయంలో అయితే వీధి వీధంతా రెండు వర్గాలైంది.

తర్వాత అరుపులు తగ్గాయి. కారవాన్‌లో టీవీకి బొమ్మ సరిగ్గా రాదు, వానేమో తగ్గదు. చేసేదేమీ లేక ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మంచులో దారి తప్పి, బస్సు నిండా జనంతో ఎవరి పొలంలోకో దూరిపోయి, ఆవులు చుట్టుముడితే తాపీగా టిక్కెట్ల తనిఖీ మొదలుపెట్టానని రోలండ్ చెప్పాడు. ఇన్నేళ్లలో ఆవిడ ఆ సంగతి వినడం అదే మొదటిసారి. ఎదురింటి నుంచి గ్లెనిస్ నవ్వు విని మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "ఎవరికేమైంది?" అంది.

వేసవి వచ్చేసరికి ఇద్దరూ కారవాన్ మెట్టు మీద ఒకరినొకరు ఒరుసుకుంటూ కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. మెట్టు ఇరుకు కాబట్టే అనుకున్నాం. ముంగిట్లో బోలెడు చోటుంది.

ఇంతలో తాపీమేస్త్రీ వచ్చి, వంటింటికీ ముందుగదికీ మధ్య గోడ నాని పడిపోయిందనీ, మళ్లీ లేపుతాననీ చెప్పాడు.

"వద్దు," అంది గ్లెనిస్. "రెండూ ఒకటే గదిగా ఉంచెయ్. టీవీ కూడా కిందికే తెచ్చేస్తాం."

రోలండ్ తల ఊపాడు. అలాంటి విషయాల్లో ఆయన అంతకంటే ఎక్కువ మాట్లాడగా ఎవరూ చూడలేదు.

మేస్త్రీ కంపెనీకి కబురు పెట్టాడు. కంపెనీలో యథాతథ విభాగమని ఒకటుంది. ఇళ్లు వరదకి ముందున్న దానికంటే ఘోరంగా తయారు కాకుండా చూడడం వాళ్ల బాధ్యత. మెరుగ్గా తయారు కాకుండా చూడడం ఇంకా పెద్ద బాధ్యత. పర్యవేక్షకుడు మిస్టర్ టాటర్సాల్ స్వయంగా వచ్చాడు. మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కారవాన్‌లో కూర్చుని, టీ కప్పు నెత్తిమీది అరలో పెట్టుకున్నాడు.

"గోడ లేకపోతే ఏమవుతుంది మేడమ్?"

"ఇద్దరం ఒకచోట కూర్చుంటాం."

"వరదకి ముందు కూర్చునేవారా?"

గ్లెనిస్ మొగుడి వంక చూసింది. "లేదు."

"అయితే అది మెరుగుదల," అన్నాడు టాటర్సాల్ జాలిగా. "పాలసీలో మెరుగుదల లేదు."

"గోడ కట్టకపోతే మీకే కదయ్యా ఖర్చు తగ్గేది!" అన్నాడు రోలండ్.

"తగ్గడం కూడా తేడాయే సార్. మాకు తేడా ఉండకూడదు."

కట్టాక మేమే కూల్చుకుంటామని దంపతులంటే, తుది తనిఖీ అయ్యేలోపు ఇటుక ముట్టుకున్నా పాలసీ రద్దవుతుందన్నాడు. పై అధికారులకి మొరపెట్టుకుంటే, దంపతులు పూర్వం కలిసి కూర్చున్నట్టు ఇరుగుపొరుగు రుజువు చూపమన్నారు. నన్ను అడిగారు. ఒకసారి కరెంటు పోయినప్పుడు ఇద్దరినీ ఒకే కొవ్వొత్తి దగ్గర చూశానని చెప్పాను. కరెంటు పోవడం వేరే పాలసీ కిందికి వస్తుందని జవాబొచ్చింది.

గోడ లేచింది. టీవీ తీగ బిగించే చోటు కూడా యథాతథంగా మేడమీదే పెట్టారు. కారవాన్‌ని లాక్కెళ్లిన రోజు ఇద్దరూ గేటు దగ్గర నిలబడి, అది మలుపు తిరిగేదాకా చూశారు.

కొన్నాళ్లు రోలండ్ వంటింట్లోనే కుర్చీ వేసుకున్నాడు. ఆవిడ ఓవెన్ తలుపు తెరిచినప్పుడల్లా లేవాల్సి వచ్చేది. "లేవనవసరం లేదులే," అనేది ఆవిడ. ఆయన లేచేవాడు. తర్వాత క్రికెట్ మొదలైంది. ఆట చూసొస్తానని మేడెక్కాడు. టెస్టు మ్యాచ్ అంటే ఐదు రోజులు. సిరీస్‌కి ఐదు మ్యాచ్‌లు.

శరదృతువులో తుది తనిఖీకి టాటర్సాల్ వచ్చాడు. సాక్షి కావాలంటే నన్ను పిలిచారు. ఆయన గోడని వేళ్లతో కొట్టి చూశాడు. వంటింట్లో రేడియో విన్నాడు. పైనుంచి చప్పట్లు వినిపిస్తే తలెత్తి చూశాడు.

"ఈ సంతకం అయిపోతే ఇల్లు మీ ఇష్టం మేడమ్. కావాలంటే ఈ గోడ ఇప్పుడే పగలగొట్టుకోవచ్చు."

గ్లెనిస్ గబగబా మెట్ల దగ్గరికి వెళ్లింది.

"రోలండ్! గోడ పగలగొట్టుకోవచ్చంటున్నారు!"

పైన టీవీ గొంతు ఒక్క క్షణం తగ్గింది.

"ఇప్పుడేం తొందరలే!" అన్నాడు రోలండ్. టీవీ మళ్లీ పెరిగింది.

ఆవిడ వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించింది.

టాటర్సాల్ తృప్తిగా కలం తీసి 'ఎలాంటి మెరుగుదలా లేదు' అని రాశాడు. కింద నేను సాక్షి సంతకం చేశాను.