సూపరింటెండెంటుగారి ఫోను

ఆ వీధిలో ఆయన్ని అందరూ హలోగారంటారు. అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, దాంతో ఎవరికీ ఎప్పుడూ పని పడలేదు. ఒకప్పుడు వీధి మొత్తానికీ ఫోనున్నది ఆయన ఇంట్లోనే. పెళ్ళి సంబంధాలూ, పురిటి కబుర్లూ, ఉద్యోగాల పిలుపులూ అన్నీ ఆయన ముందుగదిలోకి వచ్చాకే తక్కిన ఇళ్ళకి వెళ్ళేవి. "హలో!" అని ఆయన కేకేస్తే అవతలి ఊరికి తీగ లేకపోయినా వినబడుతుందని జనం చెప్పుకునేవారు.

ఆ వైభవం ఏమైపోయిందో మీకు వేరే చెప్పాలా? కళ్ళముందే ఒక్కొక్కటీ వెళ్ళిపోయాయి. రీలు కెమెరా పోయింది. టేప్ రికార్డరు పోయింది. డాబా మీద కాకులు వాలే యాంటెన్నా పోయింది. జేబుజేబులోకీ సెల్లొచ్చింది. హలోగారి ఫోను మాత్రం కుట్టుపూల గుడ్డ కప్పుకుని, ముందుగదిలో బల్ల మీద పెద్దమనిషిలా కూర్చునే ఉంది. రోడ్డు తవ్వినవాళ్ళు దాని తీగ తెంపేసిపోయారు. ఫిర్యాదు చేద్దామని ఆయన టెలిఫోను ఆఫీసుకి వెళితే, ఆ ఆఫీసున్న చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది.

ఫోను చచ్చిందని ఆయన ఇంట్లో చెప్పలేదు. మొదట పరువు పోతుందని చెప్పలేదు. తరవాత దానివల్ల లాభం కనిపించి చెప్పలేదు.

"ఏమండీ, కాస్త ఈ అటక మీద డబ్బా దింపిపెడతారా?"

"హలో! ఎవరూ, సూపరింటెండెంటుగారా? చెప్పండి సార్, చెప్పండి!"

అదీ లాభం. సూపరింటెండెంటుగారంటే నీళ్ళ ఆఫీసులో హలోగారి పైఅధికారి. రిటైరై, దూరంగా వేరే ఊళ్ళో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఆ మహానుభావుడి ఎదట హలోగారికి నోరు పెగిలేది కాదు. ఇప్పుడు చచ్చిన ఫోనులో ఆయనకి సలహాలివ్వడమే కాకుండా, "అలా కాదు సార్, మీకు తెలీదు, ఊరుకోండి!" అని గదమాయిస్తున్నారు కూడా.

మరి మోగకుండా ఫోనెలా వచ్చిందని ఎవరైనా అడిగితే? దానికీ ఏర్పాటుంది. కీ ఇచ్చే పాతకాలపు అలారం గడియారాన్ని, అదీ కాలం చెల్లిన సరుకే, బల్ల సొరుగులో గుడ్డల మధ్య దాచారు. సరిగ్గా గిన్నెలు తుడవమని పిలుపొచ్చే వేళకి అది గణగణమనేది. హలోగారు పరుగున వచ్చి రిసీవరెత్తేవారు. మాటలయ్యాక అదే గదిలో, అదే కిటికీ పక్కన, అదే పడక్కుర్చీలో సాయంత్రం దాకా కునుకు తీసేవారు. ఆ కునుకు కోసం ఆయన ఏమైనా చెయ్యగలరు.

ఇలా హాయిగా సాగిపోతుండగా, భార్య వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అమ్మకి కంటి ఆపరేషన్ ఖాయమైందండీ. ఆ తరవాత మన దగ్గరే ఉంచుకుందామనుకుంటున్నాను. ముందుగది ఇద్దాం. గాలీ వెలుతురూ ఉంటాయి."

హలోగారు పడక్కుర్చీ వైపు చూశారు.

"మీ చెల్లెలింట్లో ఉండొచ్చుగా?"

"దానిది మూడో అంతస్తు. కంటికి కట్టుతో అన్ని మెట్లు ఎలా ఎక్కుతుందండీ? చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే అమ్మ మంచం దగ్గర్నించి కదిలేది కాదు. ఇప్పుడు నేను చూసుకోవాలి. నాకా ముచ్చట తీరాలి."

ఆ మాట వింటే మనిషి పుట్టుక పుట్టినవాడెవడైనా అక్కడికక్కడే సరే అనేస్తాడు. హలోగారు, "చూద్దాంలే," అన్నారు.

మర్నాడు భోజనాలయ్యేసరికి గడియారం మోగింది. హలోగారు చాలాసేపు "అలాగే సార్, మీ ఇల్లే అనుకోండి సార్" అని వినయంగా మాట్లాడి, బరువుగా నిట్టూరుస్తూ వంటింట్లోకి వచ్చారు.

"పెద్ద చిక్కొచ్చిపడిందోయ్. సూపరింటెండెంటుగారు మనింటికొచ్చి కొన్నాళ్ళుంటారట. ముందుగదే కావాలన్నారు. కాదనడానికి నాకు నోరెలా వస్తుంది చెప్పు?"

ఆవిడ చేతిలో గరిటె ఆగింది.

"ఎవరూ? సూపరింటెండెంటుగారా?"

"ఆయనే."

"మనింటికా?"

"మనింటికేనంటే! ఎన్నిసార్లు చెప్పాలి?"

ఆవిడ ఆయన్ని కిందనించి పైదాకా ఓసారి చూసింది. తరవాత చాలా నెమ్మదిగా, "అంత దూరం నించి వస్తామంటే కాదంటామా? ఏం తింటారో కనుక్కోండి. ఇప్పుడు వారి భోజనం ఎలా ఉంటుందో నాకు తెలీదు," అంది.

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని హలోగారు అనుకోలేదు. తన తెలివికి తనే మురిసిపోయి, ఆ పూట రెండు కునుకులు తీశారు.

ఆ మురిపెం ఎక్కువ రోజులు నిలవలేదు. పక్కింటి టైలరు సెల్లు నీళ్ళ బకెట్లో పడిందట. మెడలో టేపు అలాగే వేలాడుతుండగా పరిగెత్తుకొచ్చాడు.

"హలోగారూ, అర్జెంటు! గుండీల కొట్టుకి ఓ ఫోను చేసుకుంటాను."

హలోగారు సాకు వెతుక్కుంటుంటే, లోపల్నించి భార్య కేకేసింది. "దానికేం భాగ్యం, చేసుకో నాయనా! ఆ ఫోను దివ్యంగా పనిచేస్తోంది. రోజూ వింటూనే ఉన్నాగా!"

టైలరు చెయ్యి చాచాడు. ఇంకొక్క క్షణం ఆగితే పరువంతా గంగలో కలిసేదే. హలోగారు ఒక్క గెంతున వెళ్ళి రిసీవరు చెవికి పెట్టుకున్నారు.

"హలో! సూపరింటెండెంటుగారా!"

"మోగలేదే?" అన్నాడు టైలరు.

"మోగబోతుంటే ఎత్తేశానయ్యా. ఎన్నేళ్ళ అనుభవం నాది!"

భార్య టీ తెచ్చింది. కుర్చీ కూడా తెచ్చి వేసింది. "కూర్చో నాయనా. వాళ్ళిద్దరూ మొదలెడితే ఓ పట్టాన తెమలదు," అంది.

టైలరు కూర్చున్నాడు, ఎంతకీ కదలడు. హలోగారు ఆఫీసు కబుర్లు చెప్పారు. పగిలిన పైపుల గురించి చెప్పారు. అవి అయిపోతే తన మోకాలి నొప్పి గురించి మొదట్నించీ చెప్పారు. చివరికి ఏమీ తోచక, గోడమీది కేలండరు చూస్తూ ఏ తారీఖు ఏ వారమో చదవడం మొదలెట్టారు. చెవి ఎర్రగా కందిపోయింది. టైలరు ఖాళీ గ్లాసు కింద పెట్టి లేచాడు.

"పాపం, ఆ పెద్దాయన్ని ఒక్క మాటైనా మాట్లాడనివ్వరా అండీ?" అని జాలిపడుతూ వెళ్ళిపోయాడు.

ఇంక ఈ ఫోను జోలికి కొన్నాళ్ళు పోకూడదని హలోగారు లెంపలేసుకున్నారు. గడియారానికి కీ ఇవ్వడం మానేశారు.

అయినా రెండ్రోజులు తిరక్కుండానే, ఆయన గడ్డానికి సబ్బు రాసుకుంటుండగా ముందుగదిలో గణగణమని మోగింది. హలోగారి చేతిలో బ్రష్షు జారిపడింది. తను కీ ఇవ్వలేదే! నురగ మొహంతోనే పరిగెత్తారు. అప్పటికే రిసీవరు భార్య చేతిలో ఉంది.

"నమస్కారమండీ సూపరింటెండెంటుగారూ! బాగున్నారా? అయ్యయ్యో, రావడానికి వీలుపడదా? ... ఏమిటీ, ముందుగది మా అమ్మకిమ్మంటారా? అబ్బే, ఆయన ఏమంటారో... మీ మాటంటే కాదనరా? ఎంత మంచి మనసండీ మీది! ఆయనా? ఇదిగో, ఇక్కడే నురగలు కక్కుతూ నిలబడ్డారు. ఇస్తానుండండి."

రిసీవరు ఆయన చేతిలో పెట్టింది.

"మీతో మాట్లాడతారట."

హలోగారు దాన్ని చెవికి ఆనించుకున్నారు. లోపల చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు. ఫోను చచ్చిందందామా? ఇన్నాళ్ళూ మీరెవరితో మాట్లాడారంటుంది. అది ఆయన కాదందామా? మరెవరంటుంది. ఎటు చూసినా దారి లేదు. భార్య చేతులు కట్టుకుని ఎదురుగా నించుంది.

"ఏమంటున్నారు?"

"అదే... నీతో అన్నదే అంటున్నారు."

"గది ఇమ్మంటున్నారా?"

"ఇమ్మంటున్నారు."

"అమ్మ కంట్లో మందు చుక్కలు మిమ్మల్నే వెయ్యమంటున్నారా?"

"అది... సరిగ్గా వినబడలేదు."

"నాకు స్పష్టంగా చెప్పారే!"

"ఆఁ, ఆఁ, ఇప్పుడే అన్నారు. అలాగే సార్," అన్నారు హలోగారు. సబ్బు నురగ రిసీవరులోకి కారింది.

అత్తగారు వచ్చారు. ముందుగదీ, కిటికీ, పడక్కుర్చీ అన్నీ ఆవిడ పరమయ్యాయి. కునుకు తీసే వేళకి హలోగారు చుక్కల సీసా పట్టుకుని ఆవిడ పక్కన వంగుతున్నారు. అయితే ఆవిడ మెత్తటి మనిషి. చుక్క పడ్డప్పుడల్లా, "చల్లగా ఉండండి బాబూ," అంటుంది. కూతురు తల్లి తల దువ్వుతూ, చిన్నప్పటి ముచ్చట్లు చెప్పుకుని నవ్వుతుంటే, ఇల్లు కళకళలాడుతోందని హలోగారికీ అనిపించింది. ఆ మాట పైకి మాత్రం అనలేదు.

ఒకరోజు చుక్కలు వేస్తుంటే అత్తగారు అడిగారు.

"అల్లుడుగారూ, మీ సూపరింటెండెంటుగారు మళ్ళీ ఫోను చేస్తే నాకోసం ఒక్క మాట అడుగుతారా?"

"దానికేమండీ, తప్పకుండా. ఏమడగమంటారు?"

"మీ మావగారు ఎలా ఉన్నారో కనుక్కోండి."

"మావగారా? ఆయన పోయి చాలా కాలమైంది కదండీ అత్తయ్యగారూ!"

"అందుకేగా అడగమంటున్నాను. ఇద్దరూ ఇప్పుడు ఉండేది ఒక్కచోటేగా!"

హలోగారు సీసా కింద పెట్టేశారు. మెల్లగా భార్య వైపు తిరిగారు. ఆవిడ బట్టలు మడత పెడుతోంది.

"ఏమోయ్... సూపరింటెండెంటుగారు పోయారా?"

"పోయి ఏడాది దాటింది. మంచిమనిషి, నిద్రలోనే వెళ్ళిపోయారట. వాళ్ళమ్మాయి నా సెల్లుకి చేసి చెప్పింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే పరిగెత్తుకొచ్చానండీ," అంది ఆవిడ, దుప్పటి అంచులు కలుపుతూ. "తీరా వస్తే, మీరు ఆయనతోనే ఫోనులో మాట్లాడుతున్నారు. ఆ సంగతి ఆయన వింటుండగా చెబితే బాగుండదని ఊరుకున్నాను."