మా టీవీకి పడదట!

కొత్తగా పెళ్లైనవాళ్లు హనీమూన్‌కు వెళ్లడం శుద్ధ దండగ! ఒక హార్డ్ డిస్కు కొనుక్కుని, దాన్ని ఏ ఫైల్ సిస్టమ్‌లో ఫార్మాట్ చేయాలో తేల్చుకోండి, చాలు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు డిస్కు ఫార్మాట్ చేసి చూడలేదు, పాపం.

ఫైల్ సిస్టమ్ అంటే మరేం లేదు, డిస్కులో సామాను సర్దే పద్ధతి. మా ఆయన లాప్‌టాప్‌ది ఒక పద్ధతి, నా లాప్‌టాప్‌ది ఇంకో పద్ధతి. టీవీకేమో ఎవరి పద్ధతీ నచ్చదు!

"ఈఎక్స్‌టీ ఫోర్ పద్ధతైతే భేషుగ్గా ఉంటుంది. కానీ టీవీకి పడదు," అన్నారు మా ఆయన.

"పోనీ, ఎన్‌టీఎఫ్‌ఎస్?"

"నీ లాప్‌టాప్‌కి పడదు. చదువుతుంది గానీ రాయదు."

చదువుతుంది గానీ రాయదా! అచ్చం పరీక్ష హాల్లో నా పోలికే.

ఇంతకీ ఆ డిస్కులోకి ఎక్కాల్సింది మా పెళ్లి వీడియో. ఉంగరాలు మార్చుకునే వేళకు మా అత్తగారు హాలు బయట నిలబడి, ఎవరో చుట్టాలకు ఫోన్లో దారి చెబుతూ ఉండిపోయారు. కన్నకొడుకు పెళ్లిలో అసలు ఘట్టమే చూడలేదని ఆవిడ బెంగ. ఆదివారం వస్తున్నారు. పెద్ద తెర మీద చూపించి తీరాలి.

చివరికి ఫ్యాట్ థర్టీటూ ఖాయం చేశాం. అది ముసలి బాబాయి లాంటిది. ఎవరింట్లోనైనా సర్దుకుపోతుంది, ఏ పేచీ పెట్టదు. నాలుగు జీబీలు దాటిన ముద్ద మాత్రం మింగదు! మా పెళ్లేమో పదకొండు జీబీలు. మా ఆయన దాన్ని కోసి మూడు ముక్కలు చేశారు.

మీరే చెప్పండి, ఏ కొండల్లో, ఏ సముద్రం ఒడ్డున ఇంత అన్యోన్యత దొరుకుతుంది? ఒకే కుర్చీలో ఇద్దరం, ఒకే తెర, ఒకే ఏడుపు!

అత్తగారు వచ్చారు. టీవీలో మా ఆయన ఉంగరం పట్టుకుని నావైపు తిరిగారు. అక్కడితో మొదటి ముక్క అయిపోయింది. టీవీ తనకు తోచినట్టు మూడో ముక్క ఎత్తుకుంది. అందులో అందరూ భోంచేసి చేతులు కడుక్కుంటున్నారు.

"ఒరేయ్, ఇంతకీ నీకు పెళ్లయిందా, లేదా?" అన్నారు అత్తగారు.

పరువు పోయేలా ఉందని మా ఆయన డిస్కులో ఉన్నదంతా చెరిపేసి, అప్పటికప్పుడు ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతికి మార్చారు. అది అందరికీ పడింది, పెద్ద ఫైలూ పట్టింది. లాప్‌టాప్ నుంచి మళ్లీ కాపీ అయ్యేదాకా అత్తగారు తుడిచిన కళ్లజోడే తుడుస్తూ కూర్చున్నారు.

ఉంగరం మళ్లీ తెర మీదికొచ్చింది. అందులో మా ఆయన ఒక్క క్షణం ఆగి, పక్కకు తిరిగి, ఏదో అన్నారు. ఆ రోజు సందడిలో నాకు వినబడని ఆ మాట ఏ ముద్దుమాటో అయి ఉంటుందని ఇన్నాళ్లూ మురిసిపోతున్నాను!

"ఏమన్నావురా అప్పుడు?" అత్తగారు ముందుకు వంగారు.

"కెమెరా అతన్ని అడిగానమ్మా... వీడియో ఏ ఫార్మాట్‌లో ఇస్తారని."

చూశారా, డిస్కుకు ఏది పడుతుందోనని ఎంత ముందుచూపో! ఉంగరం ఏ వేలికి పడుతుందని నన్ను మాత్రం ఒక్క ముక్క అడగలేదు. తెర మీద ఉంగరాన్ని నా బొటనవేలికి ఎక్కించాలని ఇంకా నెడుతూనే ఉన్నారు.