కాచి చల్లార్చిన బీరు

ఆ శుక్రవారం ఉదయం తలపెట్టిన పని చిన్నదే. పది గంటలకు మ్యూజియం వ్యాను వస్తుంది, వంటింటి మూలనున్న మట్టికుండను ఒలకకుండా ఎక్కించాలి. కుండలో బీరు ఉంది. మ్యూజియంలో పనిచేసే కూతురు, వేల ఏళ్ల నాటి పద్ధతిలో బార్లీ రొట్టెను నానబెట్టి వారం రోజులుగా పులియబెట్టింది. లోకంలో బీరు కథ చెప్పే ప్రదర్శన ఈ రోజే మొదలు. రుచి చూసి అతిథులు మెచ్చుకుంటే ఆమె తాత్కాలిక ఉద్యోగం ఖాయమవుతుంది. లేకపోతే నెలాఖరుకు ఇంటికే.

"చూడవే, బుడగలొస్తున్నాయి. లోపల ఏదో బతికుంది!" అంది అమ్మ.

"బతికుంటేనే బీరమ్మా. నేను ముందు వెళ్తున్నా. నువ్వు దాన్ని ముట్టుకోకు."

"నలుగురూ తాగేది. ఎవరికైనా ఏమన్నా అయితే?"

"ఎప్పటినుంచో తాగుతున్నారు. బీరుకో దేవత కూడా ఉండేది. ఆమె మీద పాడే పాటలోనే చేసే విధానం ఉంది. కూలీలకు రోజూ బీరే కొలిచిచ్చేవారు. కొన్నిచోట్ల సన్యాసులు ఉపవాసాల్లో తిండి మాని ఇదే తాగేవారు."

"వాళ్లందరూ ఇప్పుడేరీ? పోయారుగా!"

కూతురు చెప్పులేసుకుని బయటపడింది.

ఆ ఇంట్లో కాగనిదేదీ నోట్లోకి వెళ్లదు. ఆరేళ్లప్పుడు కూతురు టైఫాయిడ్‌తో చావు గడప దాకా వెళ్లి వచ్చింది. అప్పటినుంచి నీళ్లు, పాలు, చెంచాలు అన్నీ పొయ్యి ఎక్కాల్సిందే. కాయడానికి వీల్లేని పుస్తకాలూ ఉత్తరాలూ ఎండలో పడాల్సిందే. అమ్మ కుండ వంక చూసింది. బుడగలు ఆమె వంక చూశాయి. రేపు ఎవరో ముసలాయన పోతే పోలీసులు ఎవరి ఇంటికొస్తారు?

ఒక్క పొంగు రానిద్దామనుకుంది. పొంగు వచ్చాక, ఒక్క పొంగుకు చావని పురుగులుంటాయని గుర్తొచ్చి గంటసేపు మరిగించింది. దించి చూస్తే సగం ఆవిరైంది. కాచి చల్లార్చిన నీళ్లతో నింపింది. రంగు వెలిసింది. టీ డికాక్షన్ పోసింది. పులుపు పోయింది. నిమ్మకాయ పిండింది. నురగ కోసం గరిటెతో చెయ్యి నొప్పెట్టేదాకా గిలక్కొట్టింది. ఈలోగా వ్యాను హారన్ కొట్టింది. కుండ ఒలకకుండా పట్టుకోవడానికి అమ్మ కూడా ఎక్కింది.

మ్యూజియం బయట ముసురు పట్టింది. హాల్లో రెండు కుండలు పెట్టారు. రెండోది స్వయంగా క్యూరేటర్‌ది. పాతకాలపు వాసన పోతుందని ఆయన దాన్ని కడగనివ్వలేదు. పొడవాటి రెల్లు గొట్టంతో ఆయన ముందు కూతురి కుండ రుచి చూశాడు.

"ఇది బీరా? జ్వరమొచ్చినవాళ్ల కషాయమా?"

కూతురు అమ్మ వైపు తిరిగింది.

"నేనే కాచాను బాబూ," అంది అమ్మ. "ఎక్కువ కాదు, గంటే."

"గంట కాస్తే బీరు చచ్చిపోతుందమ్మా!"

"మనుషులు చావకూడదనే కదా..."

"నెలాఖరు దాకా కూడా అక్కర్లేదు," అన్నాడు క్యూరేటర్ కూతురితో. "సోమవారం వచ్చి నీ సామాను తీసుకుపో."

మ్యూజియం కమిటీ ఛైర్మన్, సభ్యులు, సిబ్బంది, అతిథులు అందరూ క్యూరేటర్ కుండ చుట్టూ చేరి లొట్టలేశారు. తల్లీకూతుళ్లు వెనక మెట్ల మీద చూరు కింద కూర్చుని, ఎవరికీ అక్కర్లేని తమ బీరును కాగితం కప్పుల్లో పోసుకున్నారు.

"ఈ ఉద్యోగం కోసం రెండేళ్ల కష్టం. దాన్నీ కాచి పారబోశావు కదమ్మా."

అమ్మ ఏడవలేదు. ఏడిస్తే కూతురికి ఇంకా దిగులని కప్పులోకే చూస్తూ కూర్చుంది.

మూడింటికి ఛైర్మన్ పరుగెత్తాడు. ఆయన వెనకే క్యూరేటర్. అతిథులు ముప్పై మంది, మరుగుదొడ్లు రెండు. నాలుగింటికి అంబులెన్సులు వచ్చాయి.

"మీరిద్దరూ తాగలేదా?" అని డాక్టరు అడిగాడు.

"తాగాం బాబూ. కాచింది."

సోమవారం కూతురు సామాను కోసం వెళ్లింది. తాళాలు తీయడానికి మ్యూజియం సిబ్బందిలో లేచి నిలబడగలిగినది ఆమె ఒక్కతే. పది రోజులు ప్రదర్శన ఆమే నడిపింది. వచ్చినవాళ్లకు అమ్మ కాచిన బీరే పోసింది. రుచి బాగుందని ఒక్కరూ అనలేదు, పడిపోయినవాళ్లూ లేరు.

ఛైర్మన్ మంచం మీదే ఆమె ఉద్యోగం ఖాయం చేస్తూ సంతకం పెట్టాడు. కాగితం ఆస్పత్రి నుంచి వచ్చింది కాబట్టి, కూతురు చదవకముందే అమ్మ దాన్ని మూడు రోజులు ఎండలో పెట్టింది.