మిడ్జెట్ ఎందుకంత పరుగెత్తింది?

"ఈ భూగోళం మీద నేరస్థులు రెండే రకాలు, విద్యా. నాకు దొరికినవాళ్ళు, దొరకబోయేవాళ్ళు" అని ప్రకటించి, మా ఆయన ఫణి పెసరట్టు మీద ఇంకాస్త అల్లం పచ్చడి వేసుకున్నారు.

దొరికినవాళ్ళు ఇప్పటికి ఒక్కరు. మా పెరట్లో టమాటాలు కొరుకుతున్నది పక్కింటి పిల్లి అని ఆయన తేల్చారు. మర్నాడే ఒక ఉడుత ఆయన ఎదురుగా కూర్చుని తీరిగ్గా టమాటా తింది. ఆ కేసు ఇప్పటికీ 'విజయాలు' అన్న ఫైల్లోనే ఉంది. వారంలో అయిదు రోజులు నోవై అనే ఊళ్ళో ఒక కార్ల విడిభాగాల కంపెనీ డేటాబేసులు చూసుకుంటారు. మిగిలిన సమయమంతా డిటెక్టివే.

అది 2008 సెప్టెంబరు ఆఖరి ఆదివారం. కేసు ఆయన ఆఫీసు మిత్రుడు కృష్ణమూర్తి గారిది. ఆయనకు 1967 నాటి ఎంజీ మిడ్జెట్ ఉంది. చిన్న బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, స్టీరింగు కుడివైపు. దానికి పెద్ద ఇంజను బిగించి, పాతకార్ల క్లబ్బువాళ్ళు పెట్టే డ్రాగ్ రేసుల్లో, అంటే తిన్నటి దారిమీద రెండేసి కార్ల పోటీల్లో, పావుమైలు పరుగెత్తిస్తారు. కారు ఉండేది గరాజులో. వాళ్ళావిడ అనురాధ వ్యాను బయట మంచులో. అయిదు చలికాలాలు అద్దం మీద మంచు గీకిన అనురాధ ఈ వేసవిలో తీర్పు చెప్పేసింది: ఈ సీజన్లో ఒక్క రేసైనా గెలవకపోతే మిడ్జెట్‌ని అమ్మేయాలి. సీజనుకి ఇదే ఆఖరి రేసు. కృష్ణమూర్తి గారు ఇంతవరకూ ఒక్కటీ గెలవలేదు.

"ఇది ఓటమి కాదు. కుట్ర!" అన్నారు మా ఆయన, ఎండ లేకపోయినా నల్లకళ్ళజోడు పెట్టుకుంటూ.

మేం రేసు ట్రాక్‌కి వెళ్ళేసరికి కృష్ణమూర్తి గారు కారు పక్కన దిగాలుగా నిలబడి ఉన్నారు. మా ఆయన డిక్కీ మీద చేరగిలబడి విచారణ మొదలుపెట్టారు.

"కారు నెమ్మదించిందా మూర్తీ?"

"లేదు గురూ. వేగం పెరిగింది. అందుకే ఓడిపోతున్నా."

మా ఆయన కళ్ళజోడు తీశారు. "నేను ఎంసెట్ రాసినవాణ్ణి. వేగంగా వెళ్ళినవాడు ఓడిపోయే పోటీ ఈ సృష్టిలో లేదు."

"ఇక్కడుంది. పావుమైలు ఎన్ని సెకన్లలో వెళ్తామో ముందే అద్దం మీద రాయాలి. ఆ తేడాని బట్టి నెమ్మది కారుని ముందు వదుల్తారు. గీత ముందు దాటినవాడే విన్నర్. కానీ రాసినదానికన్నా త్వరగా వెళ్తే ఔట్. నేను జూన్‌లో అన్నీ లెక్కేసి ఎక్సెల్ షీట్ చేశా. పదిహేను పాయింట్ నలభై సెకన్లు. అప్పట్నుంచీ ప్రతి రేసులోనూ ఇంకొంచెం త్వరగా వెళ్ళిపోతోంది."

"పొద్దున ట్రయల్‌లో ఎంతొచ్చింది అన్నయ్యగారూ?" అన్నాను.

"పదిహేను పాయింట్ ఇరవై అయిదు. గాలి తోసిందమ్మా."

"ఆ వచ్చిందే రాసేస్తే పోదా?"

ఇద్దరూ జాలిగా నవ్వారు. "షీట్ అలా చెప్పట్లేదమ్మా" అన్నారు కృష్ణమూర్తి గారు. "డిటెక్షన్ ఆడవాళ్ళ కిట్టీ పార్టీ కాదు విద్యా" అన్నారు మా ఆయన. నేను వెళ్ళి మడతకుర్చీలో కూర్చున్నాను.

"ఈ డిక్కీలో ఏముంది?" అన్నారు మా ఆయన, దాని మీద వేళ్ళతో తాళం వేస్తూ.

"బరువు. నేను కుడివైపు కూర్చుంటే కారు అటు ఒరుగుతోంది. అందుకని ఎడమవైపు పెట్టె బిగించి ఎనభై పౌండ్లు పెట్టా."

"నువ్వే పెట్టావుగా. అయితే దాన్ని అనుమానించాల్సిన పనిలేదు" అని మా ఆయన ముందుకు నడిచారు.

ముందువైపు డేల్ అనే తెల్లజుట్టు పెద్దమనిషి కనబడ్డాడు. రిటైరైన బడి మాస్టారు. ఆ రోజు రేసులో కృష్ణమూర్తి గారికి పోటీ ఆయనే. చేతిలో చిన్న సీసా, అందులో తెల్లటి ద్రవం.

"దొరికాడు!" అని గుసగుసలాడి మా ఆయన ఎదురెళ్ళారు. "వేర్ వర్ యూ లాస్ట్ సండే?"

"రైట్ హియర్, బడ్డీ. బీటింగ్ యువర్ ఫ్రెండ్" అన్నాడు డేల్ నవ్వుతూ.

మా ఆయన గిర్రున తిరిగి మిడ్జెట్ అద్దం చూశారు. అక్కడా అదే తెల్లటి ద్రవం! చేతిరుమాలుతో బరబరా తుడిచి, రుమాలుని జిప్‌లాక్ సంచీలో పెట్టి నొక్కారు.

"గురూ, అది షూ పాలిష్! నెంబరు దానితోనే రాస్తాం! తుడిచేశావా?" అని కృష్ణమూర్తి గారు గగ్గోలు పెట్టారు.

"సాక్ష్యాన్ని భద్రపరిచాను."

రేసుకి ఇంకా అరగంట ఉంది. అనురాధ పులిహోర డబ్బా తెరిచింది. "ముందు తినండి అన్నయ్యా. ఈ కారుతో ఇదే ఆఖరి భోజనం" అంది. ఆ గొంతులో పెద్ద విచారమేమీ వినబడలేదు.

మా ఆయన రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నారు. కటుక్కుమంది.

"విషప్రయోగం!" అని దవడ పట్టుకుని కూలబడ్డారు.

"విషం కటుక్కుమనదండీ. ఉమ్మేయండి" అని కాగితం పళ్ళెం పట్టాను.

పళ్ళెంలో పడ్డవి మూడు: కొంత పులిహోర, పంటి ముక్క, ఒక చిన్న ఇత్తడి వాషరు. పన్ను విరిగిన మనిషిని వదిలేసి కృష్ణమూర్తి గారు వాషరు మీద పడ్డారు.

"ఇది నా డిక్కీ పెట్టె మూతది! నెల్రోజుల్నుంచి వెతుకుతున్నా. పులిహోరలోకి ఎలా వచ్చింది?"

"అన్నయ్యగారూ, ఆ పెట్టెలో బరువంటే ఏం పెట్టారు?" అన్నాను.

"గరాజులో రెండు బస్తాల బియ్యం ఉంటే..."

అందరం అనురాధ వైపు చూశాం.

"నాకేం తెలుసు?" అంది. "బస్తాలు కనబడకపోతే వెతికాను. డిక్కీలో ఉన్నాయి. ఎలకల భయానికి పెట్టెలో పెట్టారు కాబోలు, ఇన్నాళ్ళకి మనిషికి ఇంటిమీద ధ్యాస వచ్చిందని మురిసిపోయాను కూడా. రోజూ అందులోంచే వండుతున్నా."

కృష్ణమూర్తి గారు పరుగెత్తి డిక్కీ తెరిచారు. ఒక బస్తా ఖాళీ. రెండోదాని అడుగున ఇరవై పౌండ్లు ఉంటాయేమో. జూన్ నుంచి మా అందరికీ మిడ్జెట్ బరువు పప్పుతో, పెరుగుతో వడ్డించారన్నమాట.

"అరవై పౌండ్లు తగ్గితే..." అని ఆయన ఫోన్లో లెక్కలు నొక్కారు, మళ్ళీ నొక్కారు. చివరికి తలెత్తారు. "పదిహేను పాయింట్ ఇరవై అయిదు."

డేల్ దగ్గర సీసా అడిగి తెచ్చింది అనురాధ. అద్దం మీద ఆ నెంబరు తనే గుండ్రంగా రాసింది. చుక్క దగ్గర కొంచెం ఒలికితే కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది.

మిడ్జెట్ పదిహేను పాయింట్ ఇరవై ఏడులో, డేల్ కన్నా బానెట్ పొడవు ముందు గీత దాటింది. కృష్ణమూర్తి గారు కారు దిగి ఏడ్చేశారు. డేల్ వచ్చి ఆయన వీపు తట్టాడు.

"నేను కావాలనే కొరికాను," అన్నారు మా ఆయన దవడకి ఐసు పెట్టుకుని, "అక్కడేదో ఉందని నాకు ముందే తెలుసు."

"మాట మాటే. కారు అమ్మక్కర్లేదు," అంది అనురాధ. "కానీ ఈ చలికాలం గరాజులో ఉండేది నా వ్యాను."

కృష్ణమూర్తి గారి మొహం మళ్ళీ వాడిపోయింది. మా ఆయన ఛాతీ విరుచుకోవడం చూసి మోచేత్తో పొడిచాను. అప్పటికే ఆలస్యమైంది.

"ఇంత ముఖ్యమైన సాక్ష్యం బయట ఉండకూడదు. నా గరాజులో పెట్టు మూర్తీ!"

డిసెంబరులో ఒక ఉదయం మా ఇంటిముందు నా కారు అద్దం మీద అంగుళం మందాన మంచు. గరాజులో మిడ్జెట్ దుప్పటి కప్పుకుని వెచ్చగా పడుకుంది. నేను స్క్రేపరు పట్టుకుని నిలబడ్డాను. మా ఆయన కొత్త పన్ను మెరిపిస్తూ బయటికి పరుగెత్తుకొచ్చారు.

"విద్యా! గరాజులో మన బియ్యం బస్తా మాయం!"

మిడ్జెట్ వచ్చాక గరాజులో చోటు లేక బస్తాని నా కారు డిక్కీలో పెట్టుకున్నాను. ఆ మాట చెప్పడానికి అర నిమిషం పట్టదు. స్క్రేపరు ఆయన చేతికిచ్చాను.

"నాకెందుకో ఈ మంచు మీదే అనుమానంగా ఉందండీ. కిందేదైనా దాచారేమో, మొత్తం గీకి చూడండి. వెనకద్దం కూడా."