గాదెలో కలిసిన ఉత్తరాలు

దుప్పట్లు నానబెట్టి, గుంపులో ఒక్క ప్రశ్నకు జవాబిచ్చి, ఆనక ఉతుక్కుందామనుకుంది రిటైరైన ఇంగ్లీషు టీచరమ్మ. ఆన్‌లైన్లో ఇంగ్లీషు టీచర్ల గుంపు అది. వాళ్ళ వ్యాకరణ సందేహాలకు ఆవిడ సొంత పెత్తనం చెయ్యదు. జనం నిజంగా రాసిన లక్షల వాక్యాలను తన కంప్యూటర్లో పోగేసుకున్న కార్పస్ అనే గాదెలో మాట వెతికి, పది వరసలు అతికించి, "లోకం ఇలా రాస్తోంది" అంటుంది. వరస మధ్యలో రంగు తేలిన మాట తప్ప ఆవిడ కళ్ళు పక్కకు పోవు.

ఆ రోజు, బెంగపడటం అనే అర్థంలో ‘మిస్’ వాడుక అడిగితే పది వరసలు పంపింది.

ఒక టీచరు వెంటనే అందుకుంది. "మేడమ్, నాలుగో వరసలో, ‘మధ్యాహ్నం గంట కొట్టగానే నువ్వే గుర్తొస్తావు, ఇక్కడ నా సుద్దముక్కలు దొంగిలించే దిక్కులేదు’ అని ఉంది. ఎవరండీ ఆ దొంగ?"

"దొంగతో మనకేం పని? వాడుక చూడండి."

గుంపుకు ఎన్నడూ లేని శ్రద్ధ పుట్టుకొచ్చింది. ఆ దొంగ కథ ఇంకాస్త దొరుకుతుందేమోనని ఒకరు ‘అంబ్రెల్లా’ అడిగారు, ఇంకొకరు ‘ట్రాన్స్‌ఫర్’. ‘హెడ్మాస్టర్’ అడిగితే, ఆయన గురక మూడో తరగతి దాకా వినిపిస్తోందన్న వరస వచ్చింది. దాని కింద ఒక పెద్దాయన, "ఆ గురక నాది కాదని మనవి" అని రాశాడు. ఆయన్నెవరూ అడగలేదు.

టీచరమ్మ పొంగిపోయి పంపుతూనే ఉంది. మధ్యాహ్నం తమ్ముడి కూతురు వచ్చి తెర చూసి నిలబడిపోయింది.

"అత్తా, ఇవి నీ స్నేహితురాలి ఉత్తరాలు కదూ. చెదలు పడుతున్నాయని నేనే టైపు చేసి దాచాను."

"ఎక్కడ దాచావే?"

"కార్పస్ పక్కన పెడదామని... లోపలే పెట్టినట్టున్నా."

టీచరమ్మా ఆ స్నేహితురాలూ ఒకే బడిలో తొమ్మిదేళ్ళు ఒకే బల్లకు ఇటూ అటూ కూర్చున్నారు. బదిలీ విడదీశాక, ఇంగ్లీషు తుప్పు పట్టకూడదని ఇంగ్లీషులోనే రాసుకున్నారు, ఒకరి తప్పులొకరు జవాబులో దిద్దుకున్నారు. ప్రతి ఉత్తరం చివరా స్నేహితురాలు ‘చదివి చించెయ్’ అని రాసేది. ఈవిడ ఒక్కటీ చించలేదు. పదకొండేళ్ళ కిందట, అమ్మ పోయిందని ఆమె రాసిన ఉత్తరాన్ని కూడా అలవాటుగా దిద్ది, తప్పుల పట్టీ పంపింది. మళ్ళీ ఉత్తరం రాలేదు.

ఆమె కూడా ఈ గుంపులోనే ఉంది. నోరు మెదపదంతే. ఇవి చూస్తే గుంపు కూడా వదిలిపోతుందని, ఆ వరసలన్నీ చెరిపెయ్యబోయింది టీచరమ్మ.

"చించెయ్యమన్నాను కదే" అని వచ్చింది తెర మీద.

తమ్ముడి కూతురు కుర్చీ జరిపింది. టీచరమ్మ కూలబడింది.

కాసేపటికి ఇంకోటి వచ్చింది. "ఒక్కదాని మాటలే ఉంటే లెక్క ఒకపక్కకు ఒరుగుతుంది. నీవి నూట పన్నెండున్నాయి నా దగ్గర. నేనూ చించలేదు. ఎల్లుండి తెస్తున్నా, అవీ కలుపు."

మర్నాటికి గుంపులో నలభై సందేహాలు చేరాయి. వాటిలో వ్యాకరణానిది ఒక్కటీ లేదు.